ఫోన్ ఎందుకు కలవలేదు?

మీ సెల్‌ఫోన్ నుంచి ఊళ్లో ఉన్న తాతయ్యగారి ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేశారనుకోండి. రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం. ఆ తర్వాత ఒక గొంతు, మీరు డయల్ చేసిన నంబరు అసలు లేనే లేదని చెబుతుంది. అదేమిటి, నిన్న సాయంత్రమే గదా ఆ నంబరుతో మాట్లాడింది! అమ్మ కంగారు పడుతుంది. బిల్లు కట్టలేదేమో, కనెక్షన్ తీసేశారేమో అంటారు నాన్న. గంట తర్వాత మళ్లీ చేస్తే తాతయ్యే ఫోన్ ఎత్తుతారు. కనెక్షన్ ఎవరూ తీయలేదు. మీ కాల్ వెళ్లిన దారిలోని ఒక నెట్‌వర్క్‌లో, ఆ ఊరికి ఎటు వెళ్లాలో చెప్పే పట్టిక తప్పింది. ఎవరో గమనించి సరిచేశారు. జరిగింది ఇంతే.

మరి ఆ గొంతు అబద్ధం చెప్పిందా? లేదు. తనకు అందిన కబురునే మీకు చెప్పింది. ఆ కబురు బయలుదేరినప్పుడు ‘దారి లేదు’ అని బయలుదేరింది. మీ దగ్గరకు వచ్చేసరికి ‘నంబరు లేదు’ అయింది. ఈ రెండింటికీ మధ్య ఒకచోట భాష మారింది. ఒక భాషలో రెండు వేర్వేరు మాటలుగా ఉన్నవి రెండో భాషలో ఒకే మాట అయిపోయాయి.

టెలిఫోన్ యంత్రాలకు భాషలేమిటి, వాటికి అనువాదమేమిటి అని మీకు అనిపించవచ్చు. కాని ఫోన్ పుట్టిన నాటినుంచీ ‘కాల్ ఎందుకు కలవలేదు?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పే పద్ధతి మారుతూనే వచ్చింది. ఆ కథను మొదటినుంచి చూద్దాం.

మనిషి చెప్పిన కారణం

అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణంలో 1878 జనవరిలో మొదటి వాణిజ్య టెలిఫోన్ ఎక్స్ఛేంజి మొదలైంది. నాలుగేళ్లకే, 1882 జనవరిలో, కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లోనూ ఎక్స్ఛేంజీలు తెరిచారు. అక్కడ కాల్ కలిపేది మనిషే. మీరు ఫోన్ ఎత్తగానే ఆపరేటరు పలికేవారు. ఎవరు కావాలో చెబితే స్విచ్‌బోర్డులో ప్లగ్గు పెట్టి కలిపేవారు. కలపలేకపోతే ఎందుకు కలపలేదో కూడా ఆ ఆపరేటరే చెప్పేవారు.

ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. కారణం మాటల్లో వచ్చేది. మాటల్లో ఎంత వివరమైనా ఇముడుతుంది. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి ఎదురుచూసిన రోజుల గురించి మీ ఇంట్లో పెద్దలను అడిగి చూడండి. ఫలానా మనిషితోనే మాట్లాడాలని ‘పి.పి.’ కాల్ బుక్ చేస్తే, రెండు ఊళ్ల ఆపరేటర్లు తమలో తాము మాట్లాడుకునేవారు. ‘లైను దొరకడంలేదు’, ‘మోగుతోంది గాని ఎవరూ ఎత్తడంలేదు’, ‘ఆయన ఊళ్లో లేరట, సోమవారం వస్తారట’ - ఇలా ఏ కారణానికి ఆ కారణం విడిగా మీ చెవిన పడేది.

మనిషి చెప్పే కారణానికి ఒక బలహీనత కూడా ఉంది. మనిషి తప్పు చెప్పవచ్చు, కావాలని కూడా చెప్పవచ్చు. అమెరికాలోని కాన్సస్ సిటీలో ఆల్మన్ స్ట్రోజర్ అనే ఆయన అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారం నడిపేవాడు. తనకోసం వచ్చే కాల్స్‌ను ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు ప్రత్యర్థి వ్యాపారికి మళ్లిస్తున్నారనీ, తన లైను బిజీ అని అబద్ధం చెబుతున్నారనీ ఆయన అనుమానించాడని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ మాటెలా ఉన్నా, ఆపరేటరు అవసరంలేని ఎక్స్ఛేంజికి ఆయనకు 1891లో పేటెంటు లభించింది. మరుసటి ఏడాది ఇండియానా రాష్ట్రంలోని లా పోర్ట్ పట్టణంలో అలాంటి ఎక్స్ఛేంజి పనిచేయడం మొదలుపెట్టింది. మన దేశంలో మొదటి ఆటోమేటిక్ ఎక్స్ఛేంజి 1913-14లో సిమ్లాలో వచ్చింది.

టోను చెప్పిన కారణం

ఆపరేటరు పోయాక కారణం ఎవరు చెప్పాలి? యంత్రానికి మాటలు రావు. అందుకని శబ్దాలతో చెప్పించారు. అవే టోన్లు. మన దేశంలోని టోన్లనే తీసుకుందాం. అన్నిటికీ మూలం 400 హెర్ట్జ్ శబ్దమే, లయ మాత్రం వేరు. అవతలివారు మాట్లాడుతూ ఉంటే ముప్పావు సెకను మోత, ముప్పావు సెకను విరామం. ఇదే మనం ఎంగేజ్ టోను అని పిలిచేది. దారిలో లైన్లు ఖాళీ లేకపోతే పావు సెకను మోత, పావు సెకను విరామం. నంబరే లేకపోతే 2.8 సెకన్ల పొడుగాటి మోత, 0.2 సెకను విరామం.

మూడు లయలు, మూడు కారణాలు. అలవాటైన చెవికి తేడా తెలుస్తుంది. కాని చాలామంది మొదటి రెండింటినీ కలిపి ‘ఎంగేజ్’ అనే అంటారు. మీరు విన్నది ఏ ఎంగేజో ఎప్పుడైనా గమనించారా? మొదటిదైతే అవతలి మనిషి ఇంట్లో ఉన్నారు, మాట్లాడుతున్నారు అని అర్థం. రెండోదైతే ఆ మనిషి గురించి మీకు ఏమీ తెలియదు. కాల్ అంతదూరం వెళ్లనేలేదు.

టోనులో మరో రెండు చిక్కులు ఉన్నాయి. మొదటిది, అది చెవికోసం చేసింది. మధ్యలో ఉన్న ఎక్స్ఛేంజికి టోను అర్థంకాదు. కారణం తెలిస్తే అది మరో దారిలో ప్రయత్నించి ఉండేది. కాని తెలియదు. రెండవది ఖర్చు. మన దేశంలో 1960లో కాన్పూరు, లక్నోల మధ్య ఎస్.టి.డి. మొదలైంది. అంటే ఆపరేటరు లేకుండా దూరపు ఊరికి నేరుగా డయల్ చేయడం అన్నమాట. అలాంటి కాల్‌లో అవతలి లైను బిజీ అయితే, ఆ ఎంగేజ్ టోను అవతలి ఊళ్లో పుట్టి ట్రంకు లైను పొడవునా ప్రయాణించి మీ చెవికి చేరాలి. మీరు వింటున్నంతసేపూ ఆ లైను మరెవరికీ పనికిరాదు. ‘కుదరదు’ అన్న ఒక్క మాట మోయడానికి కొన్ని వందల కిలోమీటర్ల లైను!

యంత్రాలు తమలో తాము

ఈ చిక్కులు తీరాలంటే కారణాన్ని ఎక్స్ఛేంజీలే ఒకదానికొకటి చెప్పుకోవాలి. దీన్నే సిగ్నలింగ్ అంటారు. 1960 దశకంలో ఐరోపాలో రూపొందిన ఆర్-2 అనే విధానం ఇందుకు మంచి ఉదాహరణ. అవతలి ఎక్స్ఛేంజి వెనక్కి జవాబు పంపడానికి ఇందులో ఆరు పౌనఃపున్యాలు ఉన్నాయి: 540, 660, 780, 900, 1020, 1140 హెర్ట్జ్. ఒక్కొక్క సంకేతానికి వీటిలో ఏవో రెండింటిని కలిపి మోగిస్తారు. ఆరింటిలోనుంచి రెండింటిని ఎన్ని విధాలుగా ఎంచుకోవచ్చు? మీ లెక్కల పుస్తకంలోని సంయోగాల సూత్రం ప్రకారం 6×5÷2, అంటే 15 విధాలు.

కాల్ ఏమైందో చెప్పే సంకేతాలకు ‘బి’ అనే గుంపు ఉంది. బి-3 అంటే అవతలి లైను బిజీ. బి-4 అంటే దారిలో రద్దీ. బి-5 అంటే అలాంటి నంబరు లేదు. బి-8 అంటే లైను చెడిపోయింది. ఉదాహరణకు 1020, 900 హెర్ట్జ్‌లు కలిసి మోగితే అది బి-3. అది అందగానే మీ ఊరి ఎక్స్ఛేంజి దూరపు లైనును వదిలేసి, ఎంగేజ్ టోనును తానే మీకు వినిపిస్తుంది. లైను మిగిలింది, కారణం కూడా యంత్రానికి తెలిసింది. మన దేశంలోనూ 1980 దశకంలో వచ్చిన ఈ-10బి వంటి డిజిటల్ ఎక్స్ఛేంజీలతో పాటు ఆర్-2 విధానాన్ని కొన్ని మార్పులతో వాడారు.

అయితే అన్ని దేశాలదీ ఒకే విధానం కాదు. అదే 1960 దశకంలో ఖండాంతర లైన్లకోసం ఐదవ నంబరు విధానం వచ్చింది. కాల్ కుదరలేదని చెప్పడానికి అందులో ఉన్న సంకేతం ‘బిజీ ఫ్లాష్’ ఒక్కటే. ఇప్పుడు చూడండి. అవతలి దేశంలో ఆర్-2, రెండు దేశాల మధ్య ఐదవ నంబరు. అక్కడినుంచి బి-3 వచ్చినా, బి-4 వచ్చినా సరిహద్దు దాటేసరికి బిజీ ఫ్లాషే అవుతుంది. నంబరు లేదన్న కబురు పంపాలంటే టోనుగానో, రికార్డు చేసిన గొంతుగానో మాట్లాడుకునే దారిలోనే పంపాలి. అది చెవికి అందుతుంది గాని యంత్రానికి అందదు. అంటే యంత్రాలు మాట్లాడుకోవడం మొదలుపెట్టిన కాలంలోనే అనువాదపు నష్టం కూడా మొదలైందన్నమాట.

ఈ అనువాదాలకు నియమాలు రాసే పని సి.సి.ఐ.టి.టి. చేపట్టింది. టెలిఫోన్, టెలిగ్రాఫ్ ప్రమాణాలకోసం 1956లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘం ఇది. 1993 నుంచి దీన్ని ఐ.టి.యు.-టి. అంటున్నారు. క్యూ.600 శ్రేణిలోని సిఫారసుల్లో ఈ సంఘం ఒక తెలివైన పద్ధతి పాటించింది. ఆరు విధానాలు ఉన్నాయనుకోండి. ప్రతిదాన్నీ మిగిలిన ఐదింటిలోకి నేరుగా మార్చాలంటే 6×5, అంటే 30 పట్టికలు కావాలి. అలాకాక, మధ్యలో ఒక తటస్థ భాషను పెట్టుకుంటే? ఒక్కొక్క విధానంనుంచి తటస్థ భాషలోకి ఒక పట్టిక, తటస్థ భాషనుంచి ఆ విధానంలోకి ఒక పట్టిక. మొత్తం 12 చాలు. తమిళం, బెంగాలీ, పంజాబీ మాట్లాడేవాళ్లు ఒకచోట కలిస్తే మధ్యలో ఒక ఉమ్మడి భాషను వాడుకున్నట్లే ఇదీ. పని తగ్గింది. కాని ఉమ్మడి భాషలో ఎంత స్పష్టంగా చెప్పినా, చివరి భాషలో మాట లేకపోతే ఏం లాభం?

అంకె చెప్పిన కారణం

తర్వాతి మార్పు ఏడవ నంబరు సిగ్నలింగ్ విధానం. సి.సి.ఐ.టి.టి. దీన్ని 1980లో ప్రకటించింది. ఇందులో సంకేతాలు మాటలతో పాటు అదే దారిలో పోవు. వాటికి వేరే డేటా దారి ఉంటుంది. ఎక్స్ఛేంజీలు ఒకదానికొకటి చిన్న చిన్న సందేశాలు పంపుకుంటాయి. మొదట వచ్చిన రూపంలో ఒక్కొక్క కారణానికి ఒక్కొక్క సందేశం ఉండేది: అవతలి లైను బిజీ అని ఒకటి, కేటాయించని నంబరు అని ఒకటి, లైను పనిచేయడంలేదని ఒకటి, ఇలా సుమారు డజను. 1984లో ప్రకటించిన ఐ.ఎస్.యు.పి. అనే రూపం ఈ పద్ధతిని మార్చింది. కాల్ ముగించడానికి ‘విడుదల’ అనే ఒకే సందేశం, దాని లోపల కారణం చెప్పే ఒక సంఖ్య. కొత్త కారణం పుడితే కొత్త సందేశం తయారుచేయనక్కరలేదు, కొత్త సంఖ్య ఇస్తే చాలు.

ఈ సంఖ్య 7 బిట్లలో ఇముడుతుంది. కనుక 0 నుంచి 127 వరకు ఉండవచ్చు. మొదటి 3 బిట్లు కారణం ఏ జాతికి చెందిందో చెబుతాయి, తర్వాతి 4 బిట్లు ఆ జాతిలో ఏదో చెబుతాయి. మీరే చేసి చూడవచ్చు: సంఖ్యను 16తో భాగించండి. భాగఫలం జాతి, శేషం ఆ జాతిలో వరుస. 0, 1 జాతులు మామూలు కారణాలు. 2 అంటే వనరుల కొరత. 3 అంటే ఆ సేవ అందుబాటులో లేదు. 4 అంటే ఆ సేవను ఈ యంత్రంలో అమర్చనేలేదు. 5, 6 అంటే సందేశంలో దోషం. 7 సంగతి తర్వాత చెబుతాను.

ఉదాహరణకు 17ను 16తో భాగిస్తే భాగఫలం 1, శేషం 1. మామూలు కారణం: అవతలివారు బిజీ. 34ను భాగిస్తే భాగఫలం 2, శేషం 2. వనరుల కొరత: ఖాళీ లైను లేదు. తొలి టోన్లలో చెవికి ఒకేలా వినిపించిన రెండు ‘ఎంగేజ్’లు ఇక్కడ రెండు వేర్వేరు జాతులు! 17 వస్తే మళ్లీ మళ్లీ ప్రయత్నించడం దండగ. 34 వస్తే ఎక్స్ఛేంజి మరో దారి వెతకవచ్చు. మొదటి టోన్లు చెవికి కూడా సరిగా చెప్పలేకపోయిన తేడాను అంకె యంత్రానికే చెప్పింది.

సంఖ్యతో పాటు ఇంకో వివరం కూడా వస్తుంది. ఈ కారణం ఎక్కడ పుట్టింది? అవతలి మనిషి దగ్గరా, ఆ మనిషి ఉన్న ఊరి నెట్‌వర్క్‌లోనా, మధ్య నెట్‌వర్క్‌లోనా? కాల్ తిరస్కరించారు అనే 21వ కారణం మనిషినుంచి వస్తే ఒక అర్థం, నెట్‌వర్క్‌నుంచి వస్తే మరో అర్థం.

అదే కాలంలో ఇంటికీ ఎక్స్ఛేంజికీ మధ్య డిజిటల్ కనెక్షన్ ఇచ్చే ఐ.ఎస్.డి.ఎన్. వచ్చింది. అక్కడి సిగ్నలింగూ ఇవే సంఖ్యలను వాడింది. 1993లో రెండింటికీ కలిపి క్యూ.850 అనే ఒకే సిఫారసు వెలువడింది. సెల్‌ఫోన్ల జి.ఎస్.ఎం. విధానం కూడా తన కారణాల పట్టికను ఈ కుటుంబంనుంచే తీసుకుంది. భాషలు వేరైనా కారణాల నిఘంటువు దాదాపు ఒకటే అయింది.

ఇప్పుడు 7వ జాతి సంగతి. ఇందులో చివరి సంఖ్య 127. దాని అర్థం ఏమిటో తెలుసా? ‘ఈ కాల్ నా సరిహద్దు దాటి మరో విధానంలోకి వెళ్లింది. అక్కడ ముగిసింది. ఎందుకో నాకు సరిగా తెలియదు.’ అనువాదంలో కారణం పోతుందని ముందే తెలిసిన ఇంజనీర్లు, పోయిందని నిజాయితీగా ఒప్పుకోవడానికి కూడా ఒక సంఖ్యను కేటాయించారు.

ఇంటర్నెట్ భాష

1990 దశకంలో మాటలను ప్యాకెట్లుగా మార్చి ఇంటర్నెట్‌లో పంపడం మొదలైంది. ఈ రంగానికి కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన హెనింగ్ షుల్జ్‌రిన్నె, మార్క్ హ్యాండ్లీ, ఈవ్ స్కూలర్, జోనథన్ రోజెన్‌బర్గ్ కలిసి రాసిన ప్రోటోకాల్ సిప్. ఇంటర్నెట్ ప్రమాణాలు తయారుచేసే ఐ.ఈ.టి.ఎఫ్. సంస్థ దాన్ని 1999 మార్చిలో ప్రచురించింది. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపం 2002 జూన్‌లో వచ్చింది.

సిప్ తయారుచేసినవారు టెలిఫోన్ పుస్తకాలనుంచి కాక వెబ్‌నుంచి పద్ధతి తీసుకున్నారు. వెబ్‌లో పేజీ దొరకకపోతే తెరమీద కనిపించే 404 మీకు తెలిసిందే. సిప్‌లోనూ మనిషి దొరకకపోతే 404. జవాబులన్నీ మూడంకెల సంఖ్యలు, మొదటి అంకె జాతిని చెబుతుంది. 1తో మొదలైతే పని జరుగుతోంది, 2 అయితే కుదిరింది, 3 అయితే వేరేచోట అడగండి, 4 అయితే ఈ అడగడం ఇక్కడ నెరవేరదు, 5 అయితే సర్వరు లోపం, 6 అయితే ఎక్కడ అడిగినా కుదరదు.

రెండు నిఘంటువులూ ఒకే పనికోసం పుట్టినా రెండు లోకాలనుంచి వచ్చాయి. పాత టెలిఫోనులో నంబరు అంటే ఒక తీగ, ఆ తీగ చివర ఒక ఫోను. సిప్‌లో చిరునామా అంటే ఒక మనిషి. ఆ మనిషికి బల్లమీద ఒకటి, జేబులో ఒకటి, కంప్యూటరులో ఒకటి ఫోన్లు ఉండవచ్చు. అందుకని సిప్‌లో ‘ఇక్కడ బిజీ’ అనడానికి 486, ‘అన్నిచోట్లా బిజీ’ అనడానికి 600 ఉన్నాయి. పాత భాషలో ఈ తేడాకు మాటే లేదు. రెండూ 17 అయిపోతాయి. అలాగే పాత భాషలో మామూలుగా మాట్లాడి ఫోన్ పెట్టేయడం కూడా 16 అనే ఒక కారణమే. సిప్‌లో దానికి లోపపు సంఖ్య లేదు, వీడ్కోలు సందేశం ఉంటుంది.

ఈ రెండింటినీ కలిపే చోట గేట్‌వే అనే యంత్రం కూర్చుంటుంది. దాని చేతికి ఇచ్చిన నిఘంటువు ఆర్.ఎఫ్.సి. 3398. ఇది 2002 డిసెంబరులో వెలువడింది. ఒక దిశకు ఒక పట్టిక, ఎదురు దిశకు మరో పట్టిక ఇందులో ఉన్నాయి.

పోయి రావడం

నేను అనువాదాలు చేస్తుంటాను. ఒక వాక్యం సరిగా వచ్చిందా అని చూడటానికి మాకు ఒక పాత చిట్కా ఉంది. అనువాదాన్ని మళ్లీ మూలభాషలోకి మార్చి, మొదటి వాక్యంతో పోల్చడం. పోయినది అక్కడ బయటపడుతుంది. గేట్‌వే పట్టికలకూ ఇదే పరీక్ష పెట్టి చూద్దాం. ఒక కాల్ పాత నెట్‌వర్క్‌లో మొదలై, మధ్యలో ఇంటర్నెట్ దారిలో నడిచి, మళ్లీ పాత నెట్‌వర్క్‌లోకి దిగిందనుకోండి. చివరలో పుట్టిన కారణం వెనక్కి వచ్చేసరికి ఇలా ఉంటుంది:

17 (అవతలివారు బిజీ) → 486 → 17 (అవతలివారు బిజీ)
28 (నంబరు అసంపూర్ణం) → 484 → 28 (నంబరు అసంపూర్ణం)
22 (నంబరు మారింది) → 410 → 22 (నంబరు మారింది)
34 (ఖాళీ లైను లేదు) → 503 → 41 (తాత్కాలిక లోపం)
18 (అవతలి ఫోను స్పందించలేదు) → 408 → 102 (గడువు దాటింది)
19 (మోగింది, ఎవరూ ఎత్తలేదు) → 480 → 18 (అవతలి ఫోను స్పందించలేదు)
3 (గమ్యానికి దారి లేదు) → 404 → 1 (కేటాయించని నంబరు)

మొదటి మూడూ క్షేమంగా తిరిగి వచ్చాయి. నాలుగవదాన్ని జాగ్రత్తగా చూడండి. మాట మారింది గాని పని మారలేదు. 34, 38, 41, 42, 47 - ఇలా వనరుల కొరత, నెట్‌వర్క్ లోపం చెప్పే చాలా కారణాలు 503లోకే చేరతాయి. ఏది ఖాళీ లేదో, ఏది చెడిందో రిపేరు చేసే ఇంజనీరుకు ఇక తెలియదు. కాని తర్వాతి యంత్రం చేయవలసిన పని ఒక్కటే: ఇంకో దారి చూడు, లేదా కాస్త ఆగి ప్రయత్నించు. ఆ సూచన నిలిచింది. అనువాదంలో మాట పోయినా భావం నిలిచిన సందర్భం ఇది.

చివరి రెండూ అలా కాదు. 19 అంటే అవతలి ఇంట్లో గంట మోగింది, ఎవరూ ఎత్తలేదు. 18 అంటే ఆ ఫోనునుంచి ఉలుకూ పలుకూ లేదు, మోగిందో లేదో కూడా తెలియదు. ఒంటరిగా ఉంటున్న పెద్దవారికి ఫోన్ చేసే వ్యక్తికి ఈ రెండూ ఒకే కబురా? మొదటిదైతే పక్కింటివారికి ఫోన్ చేసి ఒకసారి వెళ్లి చూడమంటాం. రెండోదైతే లైను చెడిందేమోనని ఫిర్యాదు చేస్తాం. నిఘంటువులో ఒక్క అంకె తేడా, బయట రెండు వేర్వేరు పనులు.

ఇక 3, 1. 3 అంటే ఈ కాల్ ఎక్కిన నెట్‌వర్క్ ఆ గమ్యానికి చేరదు. వేరే నెట్‌వర్క్ ఎక్కితే చేరవచ్చు. 404 అంటే అలాంటివారు లేరని ఖాయంగా తెలుసు. 1 అంటే ఆ నంబరు ఎవరికీ ఇవ్వలేదు. ‘ఇంకో దారి చూడు’ అని చెప్పవలసిన కబురు ‘ఇక వెతకవద్దు’ అయింది. మన వ్యాసం మొదట్లో తాతయ్యగారి నంబరుకు పట్టిన గతి ఇదే. అక్కడ తిరుగు ప్రయాణం కూడా అక్కరలేదు, 404 వరకు వచ్చేసరికే తేడా పోయింది. మనిషైతే అనుమానించి గంట తర్వాత మళ్లీ చేస్తాడు. యంత్రం అలా కాదు. ఆసుపత్రి అపాయింట్‌మెంట్లు గుర్తుచేయడానికి వరుసగా నంబర్లు డయల్ చేసే కంప్యూటరు, 1 వచ్చిందంటే ఆ నంబరును జాబితానుంచి కొట్టివేసేలా రాసి ఉండవచ్చు. అప్పుడు గంటసేపటి లోపం శాశ్వతమవుతుంది.

మూలాన్ని జతచేస్తే

అయితే పట్టిక రాసినవారిని తప్పుపట్టవచ్చా? పట్టవలసిన పనిలేదు. సిప్‌లో ‘దారి లేదు’ అనడానికి 404కన్నా దగ్గరి మాట వారికి సిద్ధంగా లేదు. లేని మాటను పట్టిక పుట్టించలేదు. ఉన్నచోట వారు జాగ్రత్తపడ్డారు కూడా. 21వ కారణాన్ని మామూలుగా 403, అంటే అనుమతి లేదు అని మార్చమన్నారు. కాని కారణం పుట్టినచోటు ‘మనిషి’ అని ఉంటే 603, అంటే ఆ మనిషే వద్దన్నారు అని మార్చవచ్చన్నారు.

అసలు పరిష్కారం వేరే దిక్కునుంచి వచ్చింది. మంచి అనువాదకులు సందేహం ఉన్న మాట దగ్గర మూలపదాన్ని అడుగున అచ్చువేస్తారు గదా, అదే పద్ధతి. 2002 డిసెంబరులోనే వెలువడిన ఆర్.ఎఫ్.సి. 3326, సిప్ సందేశంలో ‘కారణం’ అనే ఒక అదనపు వరుసను చేర్చింది. అందులో ఏ నిఘంటువో, ఆ నిఘంటువులోని సంఖ్య ఏదో రాయవచ్చు: క్యూ.850, సంఖ్య 3 అని. జవాబు 404గానే వెళుతుంది, దాని వెంట అసలు సంఖ్య కూడా వెళుతుంది. జవాబుల్లో ఇలా రాయడానికి స్పష్టమైన నియమం మాత్రం 2011లో, ఆర్.ఎఫ్.సి. 6432తో వచ్చింది. దీనికన్నా ముందే, 2002 సెప్టెంబరులో, పాత భాషలోని సందేశాన్ని మొత్తంగా సిప్ కవరులో పెట్టి అవతలి గేట్‌వేకు అందించే సిప్-టి పద్ధతిని కూడా ప్రచురించారు.

ఈ పద్ధతి ఫలించాలంటే మధ్యలోని ప్రతి యంత్రమూ ఆ అదనపు వరుసను చదవాలి, లేదా కనీసం చెరిపివేయకుండా ముందుకు పంపాలి. ఒక్కరు వదిలేసినా మూలం అక్కడితో పోతుంది, అనువాదమే మిగులుతుంది.

ఇది ఏదో మూలనున్న నిపుణుల సమస్య అనుకోకండి. మన దేశంలో 2016 నుంచి 4జి ఫోన్ కాల్స్, అంటే వోల్టీ కాల్స్, కోట్లాది మందికి చేరాయి. వాటి సిగ్నలింగ్ సిప్ భాషలోనే నడుస్తుంది. సెల్‌ఫోన్ ప్రమాణాలు తయారుచేసే త్రీ.జీ.పీ.పీ. కూడా పాత నెట్‌వర్క్‌లతో మాట్లాడటానికి ఇలాంటి పట్టికలనే తన ప్రమాణాల్లో రాసుకుంది. మీ 4జి ఫోన్ నుంచి పాత తరహా ల్యాండ్‌లైన్‌కో, 2జి ఫోన్‌కో కాల్ వెళ్లిందంటే దారిలో ఎక్కడో ఒక గేట్‌వే దాటినట్లే.

న్యూ హేవెన్ ఆపరేటరు నుంచి నేటి గేట్‌వే వరకు యంత్రాలు ఎన్నో రెట్లు వేగం పెంచుకున్నాయి. అయినా ‘ఆయన ఊళ్లో లేరట, సోమవారం వస్తారట’ అన్నంత స్పష్టంగా కారణం చెప్పడం ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాయి.

ఈసారి మీ ఫోన్ కలవకపోతే వెంటనే పెట్టేయకండి. టోను వినండి. ముప్పావు సెకను లయా, పావు సెకను లయా? గొంతు వినిపిస్తే, అది మనిషి గురించి చెబుతోందా, దారి గురించి చెబుతోందా? ఇంకో కంపెనీ సిమ్ ఉన్న ఫోన్ నుంచి అదే నంబరుకు చేసి చూడండి. జవాబు మారిందంటే, మొదట మీరు విన్నది అసలు కారణం కాకపోవచ్చు, దాని అనువాదం కావచ్చు. తాతయ్యగారి నంబరును కొట్టివేసేముందు ఆ సంగతి గుర్తుపెట్టుకోండి.